నోరు కట్టుకోమన్న నక్క

బెల్లం బట్టీ వెలిగించారంటే ఆ చుట్టుపక్కల ఎవరికీ మనసు నిలవదు. పెనంలో చెరకు రసం కుతకుతా ఉడుకుతుంటే ఆ వాసన దొడ్డంతా కమ్మేస్తుంది. పాకం మీద తేలిన నురగని ఎప్పటికప్పుడు తీసి పక్కన తొట్టిలో పోస్తుంటారు. సరిగ్గా ఆ తొట్టి పక్కనే, మెడ చాస్తే అందేంత దగ్గర్లో, మైలోడి కట్టుకొయ్య. మైలోడంటే చెరకు బండి లాగే ఎద్దు. పాపం, కట్టెయ్యడానికి ఇంకెక్కడా చోటే దొరకనట్టు!

మైలోడు లావెక్కాడు. మామూలు లావు కాదు, కాడి కింద మెడ పట్టనంత లావు. మిట్ట ఎక్కేసరికి ఒకటే రొప్పు. జోడెద్దు కర్రోడేమో సన్నగా, చలాకీగా ఉంటాడు. వాడు ముందుకి లాగుతుంటే వీడు వెనకపడి బండి వంకర తిరిగిపోతోంది. ఆ పొద్దున ఆసామి బండి దిగి, మైలోడి డొక్క మీద తట్టి, "వచ్చే సంతకి నిన్ను తోలెయ్యాల్సిందేరా" అన్నాడు. పనికిరాని ఎద్దుని సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో, పశువులకి ఒకరు చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఆసామి పశువుల్ని విప్పి భోజనానికి వెళ్ళగానే, మైలోడు కాళ్ళీడ్చుకుంటూ వెనక పాకకి చేరాడు. అక్కడుండేది గేదె నల్లమ్మ. ఆ దొడ్డికంతటికీ పెద్ద దిక్కు. ఆవిడ ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

"పెద్దమ్మా, నీ చోటు నాకిచ్చి నువ్వు నా చోటుకి వస్తావా? ఎవరు ఎక్కడ నిలబడితే ఆసామి అక్కడే కట్టేస్తాడు. ఇక్కడికైతే ఆ వాసన అంతగా రాదు" అన్నాడు మైలోడు.

"వాసన వస్తే వచ్చిందిరా, తినకుండా ఉంటే సరి" అంది నల్లమ్మ నెమరేస్తూ.

వెనకే వచ్చిన కర్రోడు అందుకున్నాడు. "నేను మొత్తుకునేదీ అదే. నోరు కట్టుకోరా నాయనా అంటే వింటేగా! ఆ తొట్టి నా ముందూ ఉంది. నేను తింటున్నానా?"

ఈ మాట వినీ వినీ మైలోడికి కోపం రావడం కూడా మానేసింది. నోరు కట్టుకోమని చెప్పని ప్రాణి ఆ దొడ్లో లేదు. మొన్న మొన్న గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్ల కూడా చెప్పింది.

"ఎలా చెప్పనురా నీకు?" అన్నాడు నీరసంగా. "కడుపు నిండితే నీకు తెలుస్తుంది. నాకు ఆ కబురు తలకి చేరదు, దారిలోనే ఎక్కడో తప్పిపోతుంది. వాసన మాత్రం రివ్వున చేరిపోతుంది. ఇంక తలలో ఒకటే పోరు, పద పద అని. పోనీ తింటే సుఖమా అంటే అదీ లేదు. మొదట్లో ఓసారి నాకితే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు తొట్టి ఖాళీ చేసినా ఆ రుచి దొరకదు. దొరుకుతుందేమోనని తింటూనే ఉంటా. నా మీద నాకే విసుగొచ్చేసిందిరా."

నల్లమ్మ నెమరు ఆపింది. ఏమనేదో గానీ, అంతలో ఇదంతా చెరకు తోటలోంచి వింటున్న నక్క సూరమ్మ దిగబడింది.

ఈ సూరమ్మ కోళ్ళ జోలికి రానని ఒట్టేసి దొడ్లో మంచి పేరు కొట్టేసింది. కుక్క రాజిగాడు కూడా ఆవిణ్ణి చూస్తే ఓ కన్ను తెరిచి మూసేవాడు, అంతే. కానీ సూరమ్మ లెక్కలు సూరమ్మకున్నాయి. వెనక పాకని ఆనుకునే కోళ్ళ గూడు ఉంది. నల్లమ్మ పడుకుంటే కొండ కూలినా లేవదు. మైలోడికేమో ఆయాసంతో కంటిమీద కునుకుండదు. వాడొచ్చి ఇక్కడ కాపలా ఉన్నట్టు పడుకుంటే, రేపెప్పుడైనా గూట్లో దూరేదెలా?

"చోటు మారిస్తే బుద్ధి మారుతుందా అక్కా? ఇదంతా వట్టి గారం!" అంది నల్లమ్మతో. "నోరు కట్టుకోమని చెప్పేవాళ్ళే అందరూ, కట్టేవాళ్ళేరీ? నూర్పులప్పుడు కట్టినట్టు మూతికి చిక్కం బిగించండి, వాడే దారికొస్తాడు."

"చిక్కం నోటికి కడతారు గానీ ముక్కుకి కట్టరు కదా పిన్నీ" అన్నాడు మైలోడు.

"మాటలు బాగానే నేర్చావు. ఇటు చూడు!" అని సూరమ్మ గబగబా వెళ్ళి నురగ తొట్టి ముందు చతికిలబడింది. వెచ్చటి తీపి ఆవిరి మొహానికి కొడుతున్నా ఆవులించింది, తోక దువ్వుకుంది. "ఇదీ నిగ్రహమంటే! మనసు గట్టిగా ఉండాలి నాయనా."

"శభాష్ పిన్నీ!" అన్నాడు కర్రోడు.

"నిజమేరా మైలోడా" అంది నల్లమ్మ. "ఆవిడ ఉండగా లేంది నువ్వెందుకు ఉండలేవు? చిక్కమే మేలేమో."

అదే కొయ్య, అదే వాసన, పైన మూతికి చిక్కం, ఆపైన సంత. మైలోడు దిగులుగా నక్క వంక చూశాడు. ఎంత హాయిగా కూర్చుందో! తను ఎప్పుడైనా పళ్ళు బిగబట్టి తొట్టికి దూరంగా ఉంటే ఒళ్ళంతా వణికేది. ఈవిడకి నోరు కూడా ఊరలేదు. ఈవిడ నోరు కట్టుకోవడం ఎక్కడిది, అసలు ఈవిడకి ఆ తీపి పిలుపే రావడం లేదు!

"నువ్వు చెప్పినట్టే చిక్కం కట్టించుకుంటా పిన్నీ" అన్నాడు నెమ్మదిగా. "ఇంతే నిబ్బరంగా ఆ గూడు ముందు కూడా కాసేపు కూర్చో. చూసి నేర్చుకుంటా."

అందరూ చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. "ఓస్, అదెంత భాగ్యం! కడుపునిండా ఎలకల్ని తినే వచ్చాను" అంటూ సూరమ్మ వెళ్ళి గూడు ముందు కూర్చుంది.

గూట్లోంచి ఎర్రకోడి బయటికొచ్చి దుమ్ములో పొర్లింది. సూరమ్మ ఆకాశం వంక చూసింది, చెవులు మాత్రం కోడివైపే ఉన్నాయి. "గాలి బావుందక్కా" అని గుటక మింగింది. కోడి రెక్కలు టపటపా దులిపింది. "నేను ఒట్టేశాను కదా, నాకు..." అంటూనే ఎగిరి కోడి మీద పడింది.

రాజిగాడు రెండు కళ్ళూ తెరిచాడు. మరుక్షణం కోడి పాక కప్పు మీద, నక్క తోక వెంట్రుకలు రాజిగాడి నోట్లో, సూరమ్మ చెరకు తోటలో. ఆ రోజు పోయిన సూరమ్మ మళ్ళీ ఆ దొడ్డి మొహం చూడలేదు.

కర్రోడు పడీపడీ నవ్వాడు. మైలోడికి నవ్వు రాలేదు. దూకే ముందు ఆవిడ కళ్ళు ఎలా అయిపోయాయో చూశాడు వాడు. జాలేసింది.

"నవ్వింది చాలు గానీ కర్రోడా, ఆ తొట్టిని చూస్తే నీకేమనిపిస్తుంది?" అంది నల్లమ్మ.

"ఏమీ అనిపించదు పెద్దమ్మా."

"మరి నువ్వు మానుకున్నదేముందిరా?"

కర్రోడు తల దించుకున్నాడు. నల్లమ్మ బరువుగా లేచి, వెళ్ళి తొట్టి పక్క కొయ్య దగ్గర నిలబడింది. భోజనం చేసొచ్చిన ఆసామి బుర్ర గోక్కుని, ఎవర్నెక్కడ చూస్తే అక్కడే కట్టేశాడు.

మైలోడు చిక్కిపోయాడా అంటే, అబ్బే, అంత తొందరగా ఎక్కడ! గాలి ఇటు తిరిగిన రోజున తలలో పోరు మామూలే. ఆ రోజు గోడవైపు మొహం పెట్టి, గాలి మళ్ళేదాకా అలా నిలబడేవాడు. సంతరోజు ఆసామి బండి కట్టి మిట్ట ఎక్కించి చూశాడు. కర్రోడు అడుగు తగ్గించి పక్కనే నడిచాడు. మైలోడు రొప్పుతూ, ఆగుతూ ఎలాగో పైకెక్కాడు. "సరేలే, ఈ సంతకి వద్దు" అన్నాడు ఆసామి.

పిలుపు వినపడని వాళ్ళు, వినపడేవాళ్ళకి నిగ్రహం నేర్పబోకూడదు.