పాలకన్న బండి పెంచలయ్య

అనగనగా అని మొదలుపెట్టేంత పాత కథ కాదిది. అట్టని నిన్నమొన్నటిదీ కాదు. గూడూరు అవతల మైకా గనులు ఇంకా తవ్వుతున్న కాలం. దోవలో దుమ్ము కూడా ఎండకు తళతళా మెరిసిన కాలం. ఆ కాలంలో పెంచలయ్య అని ఒక డ్రైవరు ఉండేవాడు. ఆయన పెళ్లాం చెంగమ్మ. గని దగ్గర రేకుల షెడ్డులో కూర్చుని మైకా పొరలు చీల్చే పని ఆమెది. వాళ్లకు పిల్లలు లేరు.

మైకా కొనడానికి ఒక అమెరికా దొర వచ్చాడు. వస్తూ వస్తూ ఓడలో తన కారు కూడా తెచ్చుకున్నాడు. వాళ్ల దేశంలో అది చిన్న కారేనంట. మనవాళ్ల కళ్లకు మాత్రం ఇల్లంత బండి. లేత తమలపాకు రంగు. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా మంచంలాగా ఒకటే. గేరు కడ్డీ నేల మీద కాదు, స్టీరింగు కిందే ఉండేది. దాని పేరు ఫాల్కన్. గనుల్లో వాళ్ల నోట్లో పడి అది పాలకన్న అయింది.

పెంచలయ్య ఆ దొర దగ్గర డ్రైవరు. దొర తన దేశం పోయేరోజు తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "దీని మనసు నీకు తెలిసినట్టు నాకే తెలీదు. నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

పెంచలయ్య పొద్దున్నే తన ముఖం కడుక్కోకముందు బండి ముఖం తుడిచేవాడు. ఇంజను చప్పుడు విని, "ఈ పొద్దు దీనికి ఒళ్లు బాగలేదు" అనేవాడు. "మిట్ట ఎక్కేటప్పుడు నా కాలి కింద అది ఊపిరి పీల్చుకునేది తెలస్తాది" అనేవాడు.

అయితే దాంతో ఒక చిక్కు ఉంది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయి. అందుకని స్టీరింగు ఎడమపక్కన పెట్టారు. మన రోడ్డు మీద ముందు ఎద్దులబండి పోతా ఉంటే, దాని అవతల ఏమొస్తా ఉందో డ్రైవరుకు కనపడదు. కుడిపక్కన కూర్చున్నవాళ్లకే కనపడుతుంది.

దొర ఉన్నన్నాళ్లు దొరే చూసి చెప్పాడు. దొర పోయాక ఆ చోట్లో చెంగమ్మ కూర్చుంది.

"చెంగమ్మా, దోవ ఎట్టుండాది?" అనేవాడు పెంచలయ్య.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసేది. "ఎదర లారీ ఉండాది, ఆగయ్యా" అనేది. ఆయన ఆగేవాడు. "ఇంక పోవచ్చయ్యా" అనేది. ఆయన పోయేవాడు. మళ్లీ అడిగింది లేదు, తల తిప్పి చూసింది లేదు. ఆమె మాట అయీ కాకముందే కాలు కిందికి పోయేది.

ఆ బండిలో పెళ్లికూతుళ్లు పోయారు. గనిలో దెబ్బ తగిలినవాళ్లు పోయారు. పెంచలకోన తిరునాళ్లకు పిల్లాజెల్లా పోయారు. ఆ పిల్లలు ఇప్పుడు తాతలు. "నేను ముందు సీట్లో పోయినా" అని ఒకరంటే, "నేను చెంగమ్మ ఒళ్లో కూర్చోని పోయినా" అని ఇంకొకరంటారు. ఎండకు కాగిన ఆ సీటు వాసన చెప్తారు. కాలవ దగ్గర పల్లంలో బండి దిగినప్పుడు కడుపులో గిలిగింత పుట్టేదని చెప్తారు.

కొన్నేళ్లకు చెంగమ్మకు దగ్గు పట్టుకుంది. షెడ్డులో దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే దగ్గది. కషాయం తాగింది, తగ్గలేదు. మందుబిళ్లలు మింగింది, తగ్గలేదు. ఒకనాటి పొద్దున దగ్గుతో పాటు నెత్తురు పడింది. పెంచలయ్య ఆమెను దుప్పటి కప్పి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నెల్లూరు ఆసుపత్రికి బయలుదేరాడు.

దారి పొడుగునా ఆమె దగ్గుతానే చూసింది. చూస్తానే చెప్పింది. "పోవచ్చయ్యా" అంది, ఒక బండిని దాటాడు. "పోవచ్చయ్యా" అంది, ఇంకో బండిని దాటాడు. అప్పుడు ముందర వరిగడ్డి బండి వచ్చింది. రోడ్డుకు అటూ ఇటూ గడ్డి వేలాడుతూ ఉంది.

"చెంగమ్మా, దోవ ఎట్టుండాది?"

పలకలేదు.

"చెంగమ్మా, దోవ ఎట్టుండాది?"

పలకలేదు.

మూడోసారి మెల్లిగా అడిగాడు. పలకలేదు.

పెంచలయ్య తల తిప్పలేదు. చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నెల్లూరు పొలిమేర దాకా ఆ గడ్డిబండి వెనకాలే, ఎద్దుల నడకకు తగ్గట్టు, అట్టాగే పోయాడు.

తర్వాత బావమరిది వచ్చి, "నేను కూర్చోని చెప్తా బావా" అన్నాడు. గని మేస్త్రీ వచ్చి అదే మాట అన్నాడు. పక్కింటి అవ్వ కూడా అంది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని చూశాడు. వాళ్లు సరిగ్గానే చెప్పారు. ఆయన కాలే కదల్లేదు. "మీ తప్పు కాదు. ఆమె చెప్తేనే ఈ కాలు ఇంటాది" అన్నాడు.

అప్పట్నుంచి ఒక్కడే తోలాడు. ముందు ఎవరున్నా దాటేవాడు కాదు. ఎద్దులబండి వెనకాలే పోయేవాడు. గొర్రెలమంద వెనకాలే పోయేవాడు. వెనకాల బస్సులు, లారీలు చేరేవి. హారన్లు మోగేవి. కొందరు దాటిపోతూ తిట్టేవాళ్లు.

ఒకరోజు కొత్తగా ఆ రూట్లోకి వచ్చిన బస్సు డ్రైవరు ఖాదర్ బాషా విసిగిపోయి, బస్సాపి, దిగి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఆ ఎద్దులబండి అవతల రోడ్డంతా ఖాళీగా ఉంటే దాటవేంది? కళ్లు కనపడవా?"

"కనపడదు నాయనా" అన్నాడు పెంచలయ్య. "చూసి చెప్పే మనిషి ఉండేది. పోయింది."

ఖాదర్ బాషా కుడిపక్క కిటికీలోంచి చూశాడు. ఖాళీ సీటు. మడత పెట్టిన దుప్పటి. పోయి బస్సెక్కాడు. ఆలస్యమవుతోందని జనం గొణిగితే, "వెనకాలే పోదాం" అని మాత్రం అన్నాడు. ఆ రోజునుంచి ఆయన హారను కొట్టలేదు. ఆయన్ను చూసి మిగతా డ్రైవర్లూ మానుకున్నారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాలవ దగ్గర పాలకన్న ఆగింది. వెనక ఖాదర్ బాషా బస్సు ఆగింది. దాని వెనక లారీ ఆగింది, లారీ వెనక జట్కా ఆగింది. ముందర మంద ఏదో అడ్డమొచ్చి ఉంటుందనుకున్నారు. ఎవరూ హారను కొట్టలేదు. ఎంతోసేపు ఎండలో అట్టాగే కాచుకున్నారు. ఆఖరికి ఖాదర్ బాషా దిగి పోయి చూశాడు. ముందర రోడ్డు ఖాళీగా ఉంది. పెంచలయ్య తల స్టీరింగు మీద వాల్చి ఉన్నాడు. ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి మరీ పోయాడు ఆ మనిషి.

ఇప్పుడా గనులు మూతపడ్డాయి. రోడ్డు వెడల్పయింది. బండ్లు ఎక్కువయ్యాయి. అయినా ఆ దోవలో ముందర ఏదైనా ముసలిబండి మెల్లిగా పోతా ఉంటే, ఆ పక్క డ్రైవర్లు హారను కొట్టరు. తెలియని కుర్రాడెవరైనా కొట్టబోతే, పక్కనున్న పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు.

"ఉండు నాయనా, ఆయన పక్కన ఎవరు లేరో మనకేం తెలుసు" అంటారు.