గోడ మీద సింహం

కొత్వాలు భైరవరాజుకు తన వేలి ఉంగరమంటే వల్లమాలిన గర్వం. దాని మీదున్న సింహం రాజముద్ర. ఆ ముద్ర పడిన దేన్నయినా రాజుగారి సెలవు లేకుండా ముట్టుకుంటే కొరడా దెబ్బలేనని ఊరంతా దండోరా వేయించాడు.

ఒకనాడు జాలరిపేటలో ఆయన గుర్రం ఆగిపోయింది. పైడమ్మ అనే ముసలమ్మ తన గుడిసె ముందుగోడకు బంకమట్టి మెత్తి, చెక్కదువ్వెనతో అలలు తీర్చింది. ఆ చేతిలో ఏముందో గానీ, ఎండ పడితే గోడంతా కదిలే సముద్రమే!

“కోటలో కూడా లేని సోకు నీ గుడిసెకెందుకే? చెరిపెయ్!” అని గర్జించాడు.

“చెరపడానికి నాకు చేతులు రావు బాబయ్యా. తమరే కానివ్వండి. మట్టి కాస్త బిగిసింది, పిడికిలితో గుద్దితేగానీ ఊడదు,” అంది పైడమ్మ.

భైరవరాజు గుర్రం దిగి, పళ్లు కొరుకుతూ గోడ నడుమ ఒక్క గుద్దు గుద్దాడు. లోపల ఇంకా పచ్చిగానే ఉన్న మట్టి ఊడలేదు. చెయ్యి తీసేసరికి అలల మధ్య సింహం అచ్చు దిగి ఉంది.

మళ్లీ చెయ్యెత్తబోతే పైడమ్మ అడ్డం వచ్చింది. “ఆగండి బాబయ్యా! రాజముద్ర పడింది. ముట్టుకుంటే కొరడా దెబ్బలని చాటించింది తమరే కదా. ముందు రాజుగారి సెలవు తెండి.”

ముసలమ్మ గోడను గుద్దానని రాజుగారికి ఏ మొహంతో చెబుతాడు? పేటంతా చూస్తుండగా చెయ్యి దించేశాడు.

“ఇంకొక్క మాట,” అంది పైడమ్మ చేతులు జోడించి. “వానకు రాజముద్ర కరిగిపోతే తప్పు కదా బాబయ్యా. చూరు కాస్త ముందుకు వేయించండి.”

వానలు మొదలవకముందే కొత్వాలు బంట్లు తాటాకులు మోసుకొచ్చి, పైడమ్మ చూపించినంత మేరా చూరు వేసి వెళ్లారు.