పైడమ్మ చేతుల గోడ

అనగనగా, మన ఊరూ కాదు, పక్కూరూ కాదు, ఆ అవతలెక్కడో ఒక ఊరు. ఉండండి, ముందు సర్దుకుని పడుకోండి. బాచీ, ఆ కాలు చెల్లి మీద నుంచి తియ్యి. తనూ, నువ్వు ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగిందంటే నేనూ ఆగిపోతాను. తర్వాత ఏనుగు రాకముందే నిద్రపోయామని పొద్దున్న నా మీద ఏడవకూడదు. అవునే, ఏనుగుంది. వస్తుంది, కంగారెందుకు?

ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక పెద్దాయన. ఆయనకో పెంకుటిల్లు. ముందు నల్లరాతి అరుగు. అరుగెక్కితే టేకు తలుపు. తలుపు మీద చెక్కిన చిలక. చిలక చుట్టూ ఇత్తడి గుబ్బలు. తలుపుకి అటూ ఇటూ ఎర్రమట్టి పూసిన గోడ. ఇంట్లో ఉండేది ముగ్గురే. గవరయ్య, కొడుకు సన్యాసి, కొత్తగా కాపరానికొచ్చిన కోడలు నూకరత్నం. గవరయ్య పెళ్ళాం పైడమ్మ పోయి కొన్నేళ్ళయింది, పాపం.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. కొత్త ఇల్లు కట్టి మట్టి పూశాక, ఆ ఇంటి ఇల్లాలు రెండు చేతులూ సున్నంలో ముంచి గుమ్మం పక్కన గోడకి అద్దాలి. అలా అద్దాకే అది ఇల్లయినట్టు. ఏటా పండక్కి గోడంతా మట్టి పూస్తారు గానీ ఆ చేతుల మీద మాత్రం పూయరు. చుట్టూ వేలితో మెల్లగా పూసి వదిలేస్తారు. పైడమ్మ బతికున్నన్నాళ్ళూ తన చేతుల చుట్టూ తనే పూసుకునేది. ఆవిడ పోయాక గవరయ్య ఆ గోడ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఎవరి చెయ్యి జారినా ఆ గుర్తులు చెరిగిపోతాయని ఆయన భయం.

ముట్టుకోకపోతే గోడ అలాగే ఉంటుందా? చూరులో పెంకు పగిలింది. వాన నీళ్ళు గోడ మీదికి కారాయి. నాచు పట్టింది, నాచు నల్లబడింది, పైడమ్మ చేతులు దాని వెనక మసకబారాయి. ఆ మరక జుట్టు విరబోసుకున్న ఆడమనిషిలా తయారైంది. ఇంక ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? గవరయ్య గోడకి దెయ్యం పట్టిందన్నారు. పొద్దుగూకితే అటు నడవడమే మానేశారు. గవరయ్య మాత్రం రోజూ పొద్దున్నే లేచి, ఆ నాచు మీదే అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. మోకాళ్ళ నొప్పులకి గోడ పట్టుకుంటున్నాడని నూకరత్నం అనుకునేది. ఒకరోజు దగ్గరికెళ్ళి వింటే, ముసలాయన నిన్న తిన్న వంకాయ కూరలో ఉప్పు తగ్గిందని గోడకి చెబుతున్నాడు. ఆ పిల్లకి నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు సరిగ్గా వేసింది.

ఊఁ అంటున్నారా? ఆఁ, అదీ.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారి తల్లికి కళ్ళల్లో పొర తీశారు. ఆవిడకి చూపొచ్చింది. చూపు రాగానే ఊళ్ళు చూస్తాను, ఇళ్ళు చూస్తాను, జనాన్ని చూస్తానని కూర్చుంది. రాజుగారు దండోరా వేయించాడు. దారి పొడుగునా ఇళ్ళన్నీ బయట తళతళలాడాలి, ఎవరి గోడ మురిగ్గా ఉంటే వాళ్ళ ఇంటికి మా ఏనుగు లచ్చిని పంపుతాం అని. ఈ లచ్చి ఏం చేస్తుందో తెలుసా? తొండంతో ఏటి నీళ్ళు పీల్చి బుస్సుమని కొడుతుంది. రాజుగారి కోట అంతా రాయి కదా, లచ్చి కొట్టిందంటే అద్దంలా మెరిసేది. కోటకి పనికొచ్చింది కొంపకి పనికిరాదా అనుకున్నాడు రాజుగారు. రాజు కదా, ఆయన్నెవరు కాదంటారు?

దండోరా విన్న సన్యాసికి హుషారొచ్చింది. వాడు మంచోడే, వెన్నలాంటి మనసు. కానీ వాడి దృష్టిలో పనంటే బలం. గట్టిగా చేస్తే అయిపోతుందనుకునేవాడు. ఇటుక పొడి, కొబ్బరి పీచు పట్టుకుని అరుగు రుద్దాడు. అరుగు మెరిసింది. గుబ్బలు రుద్దాడు. గుబ్బలు మెరిశాయి. అదే ఊపులో తలుపు రుద్దాడు. చిలక ముక్కు ఊడి కింద పడింది! ముక్కు ఏరి మొలలో దోపుకున్నాడు. మరక పోయింది కదా, ముక్కుదేముందిలే అన్నాడు. మొగుడి మొహం చూస్తే నూకరత్నానికి తిట్టబుద్ధి కాలేదు.

తర్వాత వాడేం చేశాడంటే, గోడ తన వల్ల కాదని తనే రాజుగారి దగ్గరికెళ్ళి, అయ్యా మా ఇంటికి లచ్చిని పంపండి, మా గోడకి దెయ్యం పట్టింది అని అడిగొచ్చాడు. నాన్నని జనం వెక్కిరించకుండా ఉంటారని వాడి ఆశ. రాజుగారు సంతోషించి ఒప్పుకున్నాడు. వీధి ఆ చివర నుంచి ఒక్కో మురికి ఇల్లూ కడుక్కుంటూ వస్తుందన్నాడు.

ఆ మాట విన్న గవరయ్య తినే కంచం పక్కకి జరిపాడు. వెళ్ళి ఆ గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. నూకరత్నం వచ్చి లేవమంటే లేవలేదు.

"మసకగానైనా ఉన్నాయి కదమ్మా ఆ చేతులు. నీళ్ళు తగిలితే అవీ పోతాయి. మళ్ళీ వేయించుకుందామంటే అది లేదు కదా" అన్నాడు.

నూకరత్నం కూడా పక్కనే చతికిలబడింది. అత్తయ్య చేతులు చెరగనివ్వను మావయ్యా, ముందు మూల ఎక్కడైనా చేసి చూపిస్తాను, మీరు సరేనంటేనే ఇక్కడ ముట్టుకుంటాను అంది. ఆయన తలూపాడు గానీ అక్కడి నుంచి కదల్లేదు.

అప్పుడు నూకరత్నం ఇంటి చుట్టూ తిరిగి ఒక్కోదాన్నీ పలకరించింది. అరుగూ అరుగూ, నీకేం కావాలే? నీళ్ళు పొయ్యి, పీచుతో రుద్దు అంది అరుగు. గుబ్బలూ గుబ్బలూ, మీకేం కావాలే? చింతపండు పెట్టి తోము అన్నాయి గుబ్బలు. తలుపూ తలుపూ, నీకేం కావాలే? నీళ్ళొద్దు, పొడొద్దు, నూనె గుడ్డతో తుడువు, నీ మొగుణ్ణి నా దగ్గరికి రానివ్వకు అంది తలుపు. గోడా గోడా, నీకేం కావాలే? గోడ మాత్రం నోరు మెదపలేదు.

నీళ్ళ గోలెం వెనకాల, ఎవరికీ కనపడని మూల, ఇదే గోడకి ఇదే నాచు పట్టి ఉంది. అక్కడ కుంకుడు నురుగుతో రుద్దింది. నాచుతో పాటు ఎర్రమట్టి కూడా చేతికొచ్చేసింది. అబ్బే, కాదు. కాస్త పక్కన బూడిద పెట్టింది. గీతలు పడ్డాయి. అబ్బే, కాదు. ఇంకాస్త పక్కన చింతపండు రసం అద్దింది. ఆ చింతపండు సున్నాన్ని తినేస్తుందర్రా, అక్కడ ఎప్పుడో పడ్డ సున్నం చుక్క కాస్తా బుసబుసమని కరిగిపోయింది. ఆ పిల్ల గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇదే చేతుల మీద చేసుంటేనో!

ఈలోగా వీధి చివర లచ్చి దిగింది. మొదటి ఇల్లు ఉపవాసాల సూరమ్మది. సూరమ్మ అంటే ఎవరనుకున్నారు? ఈ రోజు శనివారం, ఈ రోజు ఏకాదశి అంటూ ఏడాది పొడుగునా పచ్చి మంచినీళ్ళు ముట్టనని చెప్పుకునే మనిషి. లచ్చి బుస్సుమని కొట్టింది. మట్టిగోడ కదా, బురదై జారిపోయింది. లోపల సూరమ్మ, ఒళ్ళో బూరెల గిన్నె, నోట్లో బూరె! ఊరంతా చూసింది. లచ్చి తొండం చాపి గిన్నెలో బూరెలన్నీ తినేసింది. నవ్వకండర్రా, పాపం ఆవిడకి గోడా పోయింది, బూరెలూ పోయాయి.

అది చూసిన సన్యాసి పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. రత్నం, ఏనుగుని నేనే పిలిచాను, ఇప్పుడెలా అన్నాడు. రాజుగారి మనుషులు వెనక్కి పొమ్మంటే పోరు కదా. తిట్టి ఏం లాభం? నీ బలమంతా ముందు ఆ చూరు మీద చూపించు, పగిలిన పెంకు మార్చు అంది నూకరత్నం. పైనుంచి నీళ్ళు కారుతూ ఉంటే కింద ఎంత తుడిచినా వచ్చేది నాచే. వాడు నిచ్చెనేసుకుని ఎక్కేశాడు.

ఇంతలో గోలెం వెనక ఏదో గరగరమని చప్పుడైంది. చూస్తే కోడిపెట్ట. గోడ మీదికి పాకిన ఆనప తీగ సందులోంచి అక్కడ కాస్త ఎండ పడుతోంది. కోడి ఆ ఎండలో కూర్చుని గోడకి ఒళ్ళు రాసుకుంటోంది. ఎండకి అక్కడి నాచు ఎండి అప్పడంలా ముడుచుకుపోయింది. ఈక తగిలితే చాలు, రాలిపోతోంది. కింద ఎర్రమట్టి ఏమీ కాకుండా ఉంది. ఓసి నీ తెలివి తగలెయ్య, అని నూకరత్నం ఆ కోడిని ముద్దెట్టుకుంది.

ఇంకోటి కూడా కంటపడింది. అరుగు పక్కన, మనిషి కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో, నాచు మధ్య వేలెడేసి తెల్లమచ్చలు. చుట్టూ నల్లగా ఉంది, మచ్చల మీద మాత్రం నాచు లేదు. ఇవేమిటి మావయ్యా అని అడిగింది. గవరయ్య సిగ్గుపడిపోయాడు. తాంబూలం వేసుకున్నాక వేలికి మిగిలిన సున్నం అలా గోడకి రాసేవాడట. పైడమ్మ చూసిందంటే వీధంతా వినపడేలా అరిచేదట. ఆవిడ పోయాక తమలపాకు చిలకలు చుట్టిచ్చేవాళ్ళు లేక తాంబూలమే మానేశాడట. సున్నం దట్టంగా ఉన్న చోటికి నాచు రాదన్నమాట! పైడమ్మ చేతులది ఒక్క పల్చటి అద్దకమే, అందుకే వాటి మీదికి నాచు పాకింది. అర్థమైందా? ఆఁ, తనూ, నీకర్థమైంది. బాచీ, నువ్వు ఊఁ కొట్టడం మానేశావు.

ఇంక చూడండి ఆ పిల్ల హడావిడి. ఆనప తీగ పక్కకి కట్టేసింది. గోడ మీద ఎండ పడింది. సున్నం నీళ్ళల్లో కలిపి తేరనిచ్చింది. మీరెప్పుడూ సున్నం ముట్టుకోకండి, కంట్లో పడితే కళ్ళు పోతాయి. గోడ ఆరాలి కదా. రోజూ వెళ్ళి చెయ్యి పెట్టి చూసేది. ఇంకా చెమ్మే. లచ్చి వీధి మలుపు తిరిగింది. ఇంకా చెమ్మే. లచ్చి రాతి ఇంటిని కడిగింది, ఆ ఇల్లు మెరిసింది. ఇంకా చెమ్మే. లచ్చి పక్కింటి ముందుకొచ్చింది. ఆ పొద్దున్న గోడ పొడిపొడిగా ఆరింది.

మూలలో చేసి చూపించింది. గవరయ్య కళ్ళు చికిలించుకుని చూసి, కానీ అమ్మా అన్నాడు. కోడి ఈకల కట్టతో నాచుని మెల్లగా దులిపింది. రుద్దలేదు, గీకలేదు. పసిపిల్ల మొహం తుడిచినట్టు సున్నపు తేటలో ముంచిన దూది అద్దింది. ఒక్కో వేలూ బయటికొచ్చింది. చిటికెన వేలొచ్చింది, ఉంగరపు వేలొచ్చింది, బొటనవేలొచ్చింది. ఎడమ చెయ్యి అయ్యాక కుడి చెయ్యి. కుడి అరచెయ్యి నడిమధ్యలో ఇంకేదో ఉంది. ఇంత చిన్న చెయ్యి. రేగుపండంత అరచెయ్యి, మినపగింజలంత వేళ్ళు.

నూకరత్నం మొగుణ్ణి కేకేసింది. సన్యాసి వచ్చి చూశాడు. ఇదెవరిది నాన్నా అన్నాడు.

"నీదేరా. అప్పుడు నువ్వు నా చంకలో ఉన్నావు. మీ అమ్మ చెయ్యి తియ్యగానే సున్నం గిన్నెలో నీ చెయ్యి పెట్టి, సరిగ్గా దాని చేతిలోనే అద్దావు. చెరిపేద్దామంటే, ఉండనివ్వండి, వాడి ఇల్లే కదా అంది."

సన్యాసి తన చేట లాంటి చేతిని చూసుకున్నాడు, గోడని చూశాడు. భోరుమని ఏడ్చాడు. వాడలా ఏడుస్తుండగానే వాకిట్లో గంటలు వినపడ్డాయి. లచ్చి వచ్చేసింది! తొండం పైకెత్తేసింది! మావటివాడు ఆపేలోపల నీళ్ళు వచ్చేస్తాయి. సన్యాసి ఒక్క గెంతు గెంతి, రెండు చేతులూ బార్లా చాపి గోడకి అడ్డంగా నిలబడ్డాడు. బుస్సు! నీళ్ళన్నీ వాడి వీపు మీదే. పీపాలకి పీపాలు. మనిషి అల్లాడిపోయాడు గానీ పక్కకి జరగలేదు. బలం దేనికుందో వాడికి ఆ రోజు తెలిసింది.

వెనకే పల్లకీలో రాజుగారు, రాజుగారి తల్లి. ఆవిడ దిగి, తడిసి ముద్దైన సన్యాసిని పక్కకి జరగమని, కొత్త చూపుతో ఆ గోడ దగ్గరగా చూసింది. పెద్ద చెయ్యి చూసింది, దాన్లో చిన్న చెయ్యి చూసింది. ఆ చిన్నచేతి మీద వేలు ఆనించి, రాజుగారి వైపు తిరిగి, నీ చెయ్యీ ఒకప్పుడు ఇంతే ఉండేదిరా, నేను చూసుకున్నాను అంది. రాజుగారు అందరి ముందూ తల గోక్కున్నాడు. ఇంక లచ్చిని రాళ్ళు కడగడానికే పంపుతానన్నాడు. సూరమ్మకి గోడ కట్టించాడు, బూరెలు కూడా పంపించాడు. లచ్చి ఊరికే పోతుందా? గవరయ్య అరుగు మీద ఒక్కసారి బుస్సుమని కొట్టి, మెరిపించి, బెల్లం ముక్క పుచ్చుకుని పోయింది. చిలక ముక్కు మాత్రం ఎవరూ అతికించలేకపోయారు. ఇప్పటికీ ఆ చిలక మొండిముక్కుతోనే ఉందట.

మర్నాడు గవరయ్య సున్నం గిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టాడు. నూకరత్నం అత్తగారి చేతుల పక్కన తన చేతులు అద్దింది. చుట్టూ ఎర్రమట్టి పూసింది. తర్వాత చిలకలు చుట్టి మావగారికిచ్చింది. ఎన్నాళ్ళకో ముసలాయన తాంబూలం నమిలాడు. నమిలి, ఏదో ఆలోచిస్తూ, వేలికి మిగిలిన సున్నం కొత్తగా పూసిన గోడకి సర్రున రాసేశాడు.

"మావయ్యా! ఇప్పుడేగా పూశాను! మీకు గోడ తప్ప ఇంకేం దొరకలేదా?" అని నూకరత్నం వీధంతా వినపడేలా అరిచింది.

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. కోడలి వైపు చూశాడు, పైడమ్మ చేతుల వైపు చూశాడు. చూసి, అరుగు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఎన్నేళ్ళయిందో ఆ ఇంట్లో ఆయన్ని ఎవరైనా తిట్టి.

అదర్రా. మీరెప్పుడైనా ఏదైనా తోమాల్సొస్తే, అది రాయో, చెక్కో, మట్టో చూసుకుని, మూల కాస్త చేసి చూసుకుని తోమండి. ఊఁ ఏదీ? బాచీ? తనూ? సరే, పడుకోండి నాన్నా. కథేమో కంచి దారి పట్టింది, నేనేమో వెళ్ళి వాకిలి తలుపేసొస్తాను.