కెజియమ్మ వేసిన చాటింపు

అనగనగా గోదారి నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక పేట. కాళ్ళు చాపుకుని పడుకో బుజ్జమ్మా, చెప్తాను.

ఆ పేటలో కెజియమ్మ అని ఒకావిడ ఉండేది. తాటాకు చాపలు అల్లేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినపడేది. ఆవిడకి లూదియమ్మ అని ఒక నేస్తం. చిన్నప్పటినించీ ఒక కంచంలో తిని ఒక చాప మీద పడుకున్నవాళ్ళు.

పేటవాళ్ళంతా ప్రభువుని నమ్ముకున్నవాళ్ళు. ఆదివారం వస్తే ఆరుబయట కూచుని పాటలు పాడుకునేవారు. ఎండొస్తే ఎండలో, వానొస్తే వానలో. అప్పుడు కెజియమ్మ, నా ఇంటి పక్క జాగా నాదే కదా, అక్కడ ఒక పాక వేసుకుందాం, దేవుడి మందిరం అవుతుంది అంది. అందరూ సరేనన్నారు.

ఆ ఊరి మునసబుకి ఇది గిట్టలేదు. లంకలో పొగాకు చేలన్నీ ఆయనవే, పేటవాళ్ళంతా ఆయన కూలీలే. నన్నడక్కుండా వీళ్ళు ఒకచోట కూడతారా, ఇవాళ పాట పాడినవాళ్ళు రేపు మాట పెంచరా అని ఆయన బెంగ. మందిరం లేవడానికి వీల్లేదన్నాడు.

కెజియమ్మ వింటేనా? ఆడవాళ్ళందరినీ పోగేసి ఒండ్రుమట్టి తొక్కించి గోడలు లేపింది. తెల్లారేసరికి ఎవరో గొడ్లని తోలేశారు. పచ్చిగోడలు నేలమట్టమయ్యాయి.

ఆ తర్వాత తాటాకులు కొట్టి రెల్లుపొదల్లో దాచారు. ఎక్కడ దాచారో నలుగురికే తెలుసు. ఆ ఆకులు తగలబడిపోయాయి.

ఆ తర్వాత అవతలి ఒడ్డునించి తాటిదూలాలు నీళ్ళమీద తేలేసి తెప్పించింది కెజియమ్మ. అవి ఏ రేవులో కట్టిందో లూదియమ్మకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరో తాళ్ళు కోసేశారు. దూలాలు గోదారిలో కొట్టుకుపోయాయి.

ఒడ్డున నిలబడి పోతున్న దూలాలు చూసింది కెజియమ్మ. అప్పుడు అర్థమైంది ఆవిడకి. నేరుగా లూదియమ్మ ఇంటికెళ్ళి, మునసబుకి చెప్పింది నువ్వేనా అని అడిగింది.

లూదియమ్మ అబద్ధమాడలేదు. తలొంచుకుని, నేనే అంది. తన ఇల్లున్నది మునసబు నేల మీద. కబుర్లు చెప్పకపోతే ఇల్లు పీకించేస్తానన్నాడట. మూడుసార్లూ తనే చెప్పిందట.

కెజియమ్మ వెనక్కి తిరిగి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆకు ముందేసుకుంది గానీ చేతులు ఆడలేదు. ఏడ్చింది. ఏడ్చి, దేవుడి మీదే కోపం తెచ్చుకుంది. "నీ శిష్యుడే నిన్ను పట్టిచ్చేవాడని తెలిసి కూడా వాడికి నీ చేత్తో రొట్టె అందించావు. నువ్వు దేవుడివి, నీకు చెల్లింది. నావల్ల కాదు" అంది. అలా అన్నదే గానీ ఆ రొట్టె సంగతి ఆవిడ మనసులోంచి పోలేదు బుజ్జమ్మా. ముల్లులా గుచ్చుతూనే ఉంది.

పేటలో ఈ సంగతి గుప్పుమంది. పెద్దమనిషి జెకర్యా అందర్నీ కూడేసి, లూదియమ్మకి ఎవరూ నిప్పివ్వకూడదు, నీళ్ళివ్వకూడదు, ఆవిడతో మాట్లాడకూడదు అని కట్టడి చేశాడు.

అప్పుడు ఆదివారం వచ్చింది. అవతలి ఒడ్డునించి పాస్టరుగారు పడవెక్కి వచ్చారు. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే ప్రభువుని తలుచుకుని అందరూ ఒక రొట్టె పంచుకునే రోజు. కూలిన గోడల మధ్యే అందరూ కూచున్నారు. గట్టుమీద మునసబు మనుషులు నిలబడి చూస్తున్నారు. ఇటుపక్క కంచె బయట లూదియమ్మ నిలబడి ఉంది, రావడానికి కాళ్ళు రాక, పోవడానికి మనసు రాక.

జెకర్యా లేచి, ఆవిడ లోపలికొస్తే మేం బయటికి పోతాం అన్నాడు.

కెజియమ్మ లేచి నిలబడింది. గట్టుమీదవాళ్ళకి కూడా వినపడేలా అంది.

"మునసబు నా మందిరం గోడలు పడగొట్టాడు. మీరేమో నా గుండెకి గోడ కట్టమంటున్నారు. ఆయన మాటా వినను, మీ మాటా వినను. నన్ను ముంచింది నా నేస్తం. దానికోసం తలుపు తియ్యాలో మూయాలో నేను చూసుకుంటాను."

అని కంచె దగ్గరికి నడిచి లూదియమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు మెత్తగా లేదు, గట్టిగానే ఉంది. చెవి దగ్గర నెమ్మదిగా అంది. "నువ్వు చేసింది నేను మర్చిపోను. నిన్ను వదిలిపెట్టను కూడా. రా."

జెకర్యా లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాల ఇంకొందరు వెళ్ళారు. మిగిలినవాళ్ళతోనే బల్ల జరిగింది. లూదియమ్మ తను చేసిందంతా అందరిముందూ తన నోటితో తనే చెప్పింది. ఆ తర్వాతే రొట్టె అందుకుంది.

మర్నాడు లూదియమ్మ మునసబు అరుగు ముందుకెళ్ళి నిలబడింది. ఇకమీద నేను ఏ కబురూ తేను అయ్యగారూ, ఇల్లు పీకిస్తే పీకించండి అని చెప్పేసింది. ఆయన నిజంగానే పీకించేశాడు. లూదియమ్మ మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని కెజియమ్మ ఇంటికొచ్చింది. కెజియమ్మ ఇంకో చాప పరిచింది.

అప్పుడు కెజియమ్మ ఆలోచించింది. దాచుకుంటే కదా ఒకరు పట్టిచ్చేది, అసలు దాచడమెందుకు అనుకుంది. ఇత్తడిపళ్ళెం తీసుకుని వాయించుకుంటూ ఊరంతా తిరిగింది. దూలాలు ఫలానా రేవుకొస్తాయి, ఆకులు మా వాకిట్లో ఉంటాయి, వచ్చే సోమవారం పొద్దున్నే పైకప్పు వేస్తాం, రాదలచినవాళ్ళు రండి అని చాటింపు వేసింది. మునసబు ఇంటి ముందు ఇంకాస్త గట్టిగా వాయించింది.

సోమవారం వచ్చింది. అప్పటికే గోడలు మళ్ళీ లేచి ఎండాయి. మునసబు గడ్డపారలు పట్టిన మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. చూస్తే ఏముంది, పేట ఆడవాళ్ళంతా పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని గోడలమీద కూచుని పాడుతున్నారు. అందరికంటే ముందు, గుమ్మం పైన, లూదియమ్మ కూచుంది.

దిగమన్నాడు మునసబు. ఎవరూ దిగలేదు.

"అయ్యగారూ, చేలో పొగాకు కోతకొచ్చింది. కొయ్యాల్సిన చేతులన్నీ ఈ గోడలమీదే ఉన్నాయి. కప్పు వెయ్యనిస్తే దిగి కోతకొస్తాం. వెయ్యనివ్వకపోతే ఇక్కడే ఉంటాం" అంది కెజియమ్మ.

మునసబు చేలవైపు చూశాడు. ఆకు పండిపోతోంది, ఇంకో నాలుగు రోజులాగితే ఎందుకూ పనికిరాదు. గోడలవైపు చూశాడు. గడ్డపారలవాళ్ళు అప్పటికే వాటిని కింద పెట్టేశారు. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ పొద్దే కప్పు వేసేశారు. జెకర్యా కూడా వచ్చి ఆకు అందించాడు. కానీ లూదియమ్మతో మాత్రం ఆయన చాలాకాలం మాట్లాడలేదు. కొందరి మనసులు అంతే తల్లీ, ఆలస్యంగా కరుగుతాయి.

ఏంటీ, లూదియమ్మ మళ్ళీ పట్టిచ్చేస్తే ఏం చేసేదంటావా? కెజియమ్మని కూడా ఎవరో అదే అడిగారట. అల్లుతున్న ఆకు ఆపకుండా, "పట్టిస్తే మళ్ళీ ఏడుస్తాను, మళ్ళీ గోడ కడతాను. దానికి భయపడి ఇవాళ్టి కూడు ఒక్కదాన్నే తినమంటావా?" అందట.

కథేమో కంచికెళ్ళింది,
గోదారి కడలికెళ్ళింది,
మనమేమో ఇంటికొచ్చాం,
కళ్ళల్లోకి నిద్దరొచ్చింది.