ముగ్గురన్నలు, ఒకే తలపాగా

అనగనగా ఒక రాజుండేవాడర్రా. ఆయనకు ముగ్గురు కొడుకులు: ఉదయుడు, విజయుడు, మలయుడు. పెద్దవాళ్లిద్దరికీ ఒకరి మీద ఒకరికి చచ్చినా నమ్మకం లేదు. మధ్యలో నలిగిపోయేది కడగొట్టువాడు మలయుడు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు వాళ్ల చెల్లెలు చెంగల్వను ఎత్తుకుపోయాడు. అన్నలు ముగ్గురూ ఏడు సముద్రాలు దాటారు. దారిపొడుగునా పోట్లాటే!

మాంత్రికుడి కోట చుట్టూ కందకం. ఇవతలి గట్టున మూడు తాళ్లు. అక్కడో గోరింక చెప్పింది: "నాయనలారా, ముగ్గురూ కలిసి లాగితే వంతెన దిగుతుంది. ఒక్కడు వదిలినా, పట్టుకున్నవాళ్లు కందకంలో పడతారు. వదిలినవాడు గట్టునే ఉంటాడు. మాంత్రికుడి ప్రాణం లోపలున్న చిలకలో ఉంది. పొద్దుగూకితే మీ చెల్లెలు రాయైపోతుంది."

లాగారు. విజయుడు వదిలేస్తాడేమోనని ఉదయుడు ముందే వదిలేశాడు. తక్కిన ఇద్దరూ బురదలో పడ్డారు. మళ్లీ లాగారు. ఈసారి విజయుడు వదిలేశాడు. మూడోసారి ఇద్దరూ వదిలేశారు. మలయుడొక్కడే దబ్బున పడ్డాడు.

నెత్తిన నాచుతో పైకొచ్చి అరిచాడు. "మీ బుద్ధి గడ్డి తిందా? చెల్లి రాయైపోతోందిరా దేవుడా!"

"వాడు వదుల్తాడనేగా నేను వదిలింది!" అన్నాడు ఉదయుడు.

"నేనూ అందుకే!" అన్నాడు విజయుడు. "ఈసారి వదలను, ఒట్టు."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!" అంటూ మలయుడు తలపాగా విప్పి ముగ్గురి నడుములూ కలిపి బిగించాడు.

"మేమేమైనా పశువులమా?" అని గింజుకున్నాడు ఉదయుడు.

"పశువులే నయం అన్నయ్యా! కళ్లంలో ఎద్దుల్ని ఒకే తాడుకు కడితే బుద్ధిగా తిరుగుతాయి. ఇప్పుడు వదలండి చూద్దాం. వదిలినవాడూ మునుగుతాడు!"

ఎవరూ వదల్లేదు. వంతెన దిగింది. ముగ్గురూ కట్లతోనే లోపలికి పరుగెత్తారు. చిలక మలయుడి చేతికి చిక్కింది.

"చిలకను నాకిచ్చినవాడికి నా రాజ్యమంతా ఇస్తా!" అని కేకేశాడు కరాళుడు.

పెద్దవాళ్లిద్దరూ చెరోవైపు నుంచి చిలక మీదికి దూకబోయారు. ముడి పొట్టకు బిగుసుకుని ఇద్దరూ వెనక్కి పడ్డారు.

"ఇక మీతో వేగలేను!" అని మలయుడు చిలక మెడ నులిమేశాడు. కరాళుడు బూడిదయ్యాడు.

చెంగల్వ బయటికొచ్చి ఒకే తలపాగాతో కట్టేసుకుని ఉన్న అన్నల్ని చూసి తల బాదుకుంది. "ఈ ముడేదో ఇంట్లోనే వేసుకుంటే వాడు నన్నెత్తుకుపోయేవాడా?"

తర్వాత నలుగురికీ పెళ్లిళ్లయ్యాయి. అన్నదమ్ములు ముగ్గురూ చాలాకాలం చల్లగా రాజ్యమేలారు, కొలువుకు కూర్చున్నప్పుడల్లా నడుములకు అదే తలపాగా కట్టుకుని. ముడి వేసేది మాత్రం చెంగల్వ.