షామియానా మీద బటన్లు

మండపేటలో తెలివైనవాళ్ళెవరని మీరు ఎవర్నీ అడగక్కర్లేదు. టెంట్ హౌస్ బుల్లియ్య ఇంటి ముందు నుంచి నడిస్తే చాలు, వాళ్ళే పిలిచి మరీ చెబుతారు. నిజమే మరి. పెళ్ళిలో వాన మొదలైతే మిగతా టెంట్ వాళ్ళంతా గుడ్లప్పగించి చూస్తారు. వీళ్ళలా కాదు. పరుగున వెళ్ళి, పెళ్ళివారి నెత్తిమీంచి షామియానా విప్పి, చుక్క తడవకుండా మడతపెట్టి ఇంటికి పట్టుకొచ్చేస్తారు. ముందుచూపంటే అదండి.

ఆ ఇంటి కొడుకు సత్తిపండు. ఇరవై ఆరేళ్ళొచ్చినా పనీ పాటా లేదు. "దసరాలోగా ఉద్యోగం రాకపోతే మీ బావగారి రొయ్యల చెరువు కాపలాకి పో" అన్నాడు తండ్రి. సత్తిపండుకి నీటిపామంటే పైప్రాణాలు పైనే పోతాయి. చెరువు తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. అందుకని కాకినాడలో డిజైను కంపెనీ నడిపే ప్రసూన మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఫోన్లో యాప్ ఎలా కనపడాలో, బటన్లు ఎక్కడ ఉండాలో గీసిపెట్టడం ఆ కంపెనీ పని.

ఆవిడ మంచి మనిషి. "మీ సామాన్లు అద్దెకిచ్చే యాప్ ఒకటి గియ్యి బాబూ. రోజుకో మాట నేను చెబుతాను. పదో రోజున వచ్చి చూస్తా. ఎవరూ చెప్పకుండా కస్టమరు తనంతట తనే సామాను తీసుకోగలిగితే ఉద్యోగం నీదే" అంది. "మొదట ఫోన్ జోలికి పోకు. కాగితం మీద గియ్యి. మనిషి వేలితో నొక్కాక, తర్వాత రావలసింది నువ్వే చేత్తో తెచ్చి పెట్టు."

సత్తిపండు కాగితం మీద గళ్ళు గీసి 'గుండిగ', 'గంగాళం', 'వెనక్కి' అని రాశాడు. తండ్రి 'గుండిగ' మీద నొక్కాడు. సత్తిపండు గుండిగ బొమ్మ తెచ్చి పెట్టాడు.

"ఇందులో పులిహోర ఎలా కలుపుతార్రా?" అన్నాడు బుల్లియ్య.

మాట సబబుగానే ఉంది. అంతే, బొమ్మ అవతల పారేసి గోడౌన్లోంచి అసలు గుండిగే మోసుకొచ్చాడు.

మర్నాడు మేడమ్, చూపు ఆననివాళ్ళకి కూడా అక్షరాలు కనపడాలంది. తల్లి చంద్రమతికి అసలే చూపు ఆనదు. క్యాలెండరంత గీసి చూపించారు. కనపడలేదంది. తలుపంత గీశారు. ఊహూఁ. ఇంకేముంది, పెళ్ళిళ్ళకి చుట్టూ కట్టే షామియానా గుడ్డ వాకిట్లో అడ్డంగా కట్టి, మనిషంత అక్షరాలు రాసి, బటనుకో స్టీలు పళ్ళెం కుట్టేశారు.

"ఇప్పుడు కనపడుతోందిరా నాయనా. అన్నట్టు నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానర్రా?" అంది చంద్రమతి.

ఆ తర్వాత, నొక్కినవాళ్ళకి నొక్కినట్టు తెలియాలంది మేడమ్. దానికి బాబాయి చిట్టబ్బాయి పెద్ద గరిటె పట్టుకుని గుడ్డ వెనకాల నిలబడ్డాడు. ఏ పళ్ళెం నొక్కితే ఆ పళ్ళేన్ని గరిటెతో ఎదురు పొడుస్తాడన్నమాట. బుల్లియ్య నొక్కి, వెల్లకిలా పడ్డాడు.

"తెలిసిందా అన్నయ్యా?"

"బాగా తెలిసిందిరా" అన్నాడు బుల్లియ్య కిందనుంచే.

సామాను రావడం ఆలస్యమైతే ఎదురుగా ఏదో ఒకటి గుండ్రంగా తిరుగుతూ కనపడాలని ఇంకో రోజు చెప్పింది. ఆ పని చంద్రమతికి అప్పగించారు. "ఎటువైపు తిరగాలిరా?" అందావిడ. గడియారం తిరిగినట్టు తిరగమన్నాడు కొడుకు. ఆవిడ వెళ్ళి గోడ గడియారం చూసొచ్చి కదలకుండా నిలబడింది. పాపం, అది ఆగిపోయి రెండేళ్ళయింది. కీ ఇచ్చాక గానీ తిరగలేదు.

పదో రోజు మేడమ్ కారులో దిగింది. పక్కవీధి అమ్మాజీ కూడా వచ్చింది. మర్నాడే ఆవిడ మనవరాలి అన్నప్రాశన, గుండిగ కావాలి.

"నేను మళ్ళీ కారెక్కి వెళ్ళేదాకా మీ ఇంట్లో ఒక్కరూ నోరు విప్పకూడదు. విప్పారో, ఉద్యోగం లేనట్టే" అంది మేడమ్, కుర్చీలో కూర్చుంటూ.

అమ్మాజీ తడబడి 'గంగాళం' నొక్కింది. గరిటె పోటుకి రెండడుగులు వెనక్కి తూలింది. చంద్రమతి గిరగిరా తిరిగింది. గంగాళం వచ్చింది. "నాక్కావలసింది ఇది కాదర్రా" అని అమ్మాజీ 'వెనక్కి' నొక్కింది. వెనక్కి నొక్కితే అంతకుముందు ఉన్న చోటికి చేరాలని కదా మేడమ్ చెప్పింది. అంతే, తండ్రీ కొడుకులు అమ్మాజీని ఇంకో కుర్చీలో కూలేసి, కుర్చీతో సహా ఎత్తి, పక్కవీధిలో వాళ్ళింటి అరుగు మీద దింపి, ఇందాక ఒలుస్తున్న చిక్కుడుకాయలు ఒళ్ళో పోసి వచ్చేశారు.

ఆవిడ శాపనార్థాలు పెడుతూ తిరిగొచ్చి, ఈసారి 'గుండిగ' నొక్కి, వచ్చిన గుండిగ నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇంత వెర్రి తెర నేనెక్కడా చూడలేదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాణ్ణి కూడా చూడలేదు. నెగ్గావయ్యా. సోమవారం నుంచి ఉద్యోగంలో చేరతావా?"

సత్తిపండు ప్రాణం లేచొచ్చింది. చేరతానండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మేడమ్ ఇంకా కారెక్కలేదే. పెదాలు బిగపట్టాడు. తండ్రి కొడుకు నోటికి తన కండువా అడ్డం పెట్టాడు.

"ఏమయ్యా, ఇష్టమేనా?"

సత్తిపండు కళ్ళమ్మట నీళ్ళు కారాయి. తల ఊపబోయాడు. ఊపినా చెప్పినట్టే కదాని బాబాయి వెనకనుంచి తల గట్టిగా పట్టుకున్నాడు.

"ఏడుపొస్తోందంటే ఇష్టం లేదన్నమాట. పోనీలే బాబూ, బలవంతం లేదు" అని మేడమ్ కారెక్కింది. కారు సందు మలుపు తిరిగింది.

ఇంకేముంది, "చేరతానండీ మేడమ్" అని సత్తిపండు కేకలేస్తూ పరుగందుకున్నాడు. వెనకాల తండ్రి, బాబాయి. కారు ఆగింది. మెల్లగా వెనక్కొచ్చింది. మేడమ్ అద్దం దించి, దిగి వాళ్ళెదురుగా నిలబడింది.

"ఏదో అంటున్నట్టున్నావు?"

మేడమ్ కారు దిగింది మరి. సత్తిపండు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బుల్లియ్యా, చిట్టబ్బాయీ కూడా. ఆవిడ ముగ్గుర్నీ కాసేపు చూసి, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయింది.

దుమ్ము అణిగాక బుల్లియ్య కొడుకు భుజం తట్టాడు. "గండం గడిచిందిరా పండూ. ఒక్క మాట జారి ఉంటే ఉద్యోగం పోయేదే" అన్నాడు.