గున్నయ్య పందిరి దింపిన రోజు

అనగా అనగా ఒక అడవి. ఆ అడవిలో బాటలు తక్కువ, కాలువలు ఎక్కువ. చుట్టాలింటికి పోవాలన్నా, ఉప్పు తెచ్చుకోవాలన్నా పడవ ఎక్కాల్సిందే. ఆ కాలువలన్నీ వంకరలు తిరిగి తిరిగి చివరికి ఒక పెద్ద సరస్సులో కలిసేవి. సరస్సు నడుమ ఒక లంక ఉండేది. వానలు తగ్గుముఖం పట్టాక ఆ లంక చుట్టూ కలువలు విచ్చుకునేవి. అప్పుడు అడవిలోని జంతువులన్నీ పనులు పక్కనపెట్టి, పిల్లాజెల్లాతో పడవలెక్కి లంకకు పోయి, మూడు రోజులు హాయిగా గడిపి వచ్చేవి.

ఆ విహారానికి ఒక మర్యాద ఉండేది. ప్రతి పడవ మీదా పందిరి వేయాలి. వెదురు గుంజలు నిలబెట్టి, పైన తాటాకు కప్పి, పూలదండలు వేలాడదీయాలి. ఇంటి దగ్గర లేచిన పందిరి లంక రేవు దాకా నిలబడే ఉండాలి. మధ్యలో దింపితే, "ఫలానా వాళ్ల పందిరి వంగింది" అని ఏడాది పొడుగునా చెప్పుకునేవారు. ఈ మర్యాద ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరూ పాటించేవారు. మర్యాదల సంగతి అంతే కదా.

ఆ అడవిలో గున్నయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. చెట్లెక్కి తేనె తీయడం అతని పని. మంచివాడే. భార్య అచ్చమ్మ మాట వినేవాడే, రోజూ కాకపోయినా. వాళ్లకు ఇద్దరు పిల్లలు, చంటి, బుల్లి. చంటి నోరు మూయడు, బుల్లి నోరు విప్పదు. అచ్చమ్మ తల్లి వెంకాయమ్మ లంకలోనే కాపురం. నిరుడు గున్నయ్య చిన్న పందిరి వేసుకుని లంకకు వెళ్తే, ఆవిడ రేవులో నిలబడి, "ఏం నాయనా, తాటాకు దొరకలేదా?" అని అడిగింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆవిడ మాటవరసకే అడిగిందో ఏమో. గున్నయ్యకు మాత్రం ఆ మాట గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది. తేనె తీస్తున్నా అదే ఆలోచన, తేనె తాగుతున్నా అదే ఆలోచన.

అందుకని ఈ ఏడు రెండంతస్తుల పందిరి కట్టాడు. కింది అంతస్తు కూర్చోవడానికి. పై అంతస్తు ఎందుకూ కాదు, ఊరికే చూడ్డానికి. దాని మీద మళ్లీ ఒక తాటాకు గొడుగు. అచ్చమ్మ ఒకసారి పడవను చూసింది, ఒకసారి పందిరిని చూసింది. పడవ కన్నా పందిరే పెద్దదిగా ఉందని చెప్పింది. మీ అమ్మ కళ్లారా చూడాలి అన్నాడు గున్నయ్య. ఇంక అచ్చమ్మ ఏమంటుంది?

పక్కింటి ముంగిస నూకరాజు కూడా వాళ్లతో బయల్దేరాడు. అతను గున్నయ్యను బావా అని పిలిచేవాడు. వరసకు తగ్గట్టే ఎప్పుడూ వేళాకోళం. పడవ ఎక్కుతూనే, "బావా, ఇది పడవా, పెళ్లివారి విడిదా?" అన్నాడు. గున్నయ్య మీసం లేకపోయినా మెలేసినంత పని చేశాడు.

పొద్దున్నే బయల్దేరారు. కాలువకు రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు. గాలి లేచి ఆ చెట్ల తలల మీదుగా పోతోంది కానీ కింద నీటి మీద తెలియడం లేదు. గున్నయ్య వెనక నిలబడి, పొడుగాటి వెదురుకర్రతో నీటి అడుగును నెడుతూ గెడ వేస్తున్నాడు. అచ్చమ్మ ముందు కూర్చుని దారి చూస్తోంది. పిల్లలు ఎప్పుడెప్పుడు పులిహోర గిన్నె తెరుస్తారా అని చూస్తున్నారు.

కొంతదూరం పోయాక ఒకచోట గట్టు మీద చెట్లు లేవు. అక్కడ కాచుకుని ఉన్నట్టు గాలి వచ్చి పందిరిని తోసింది. పడవ అడ్డం తిరిగి, ముక్కు బురదగట్టులో గుచ్చుకుంది. రెండు పూలదండలు తెగి నీళ్లలో పడ్డాయి. గున్నయ్య గెడతో బలంగా నెట్టి పడవను బయటికి తెచ్చాడు. వచ్చేసారి దండలు గట్టిగా కట్టాలి అనుకున్నాడు. తప్పు దండలదే అయినట్టు!

ఇంకొంత దూరం పోయాక రాతిగట్టు వచ్చింది. ఈసారి గాలి మరీ ఉరవడిగా కొట్టింది. పై అంతస్తు కిర్రుమంది. పడవ పక్కవాటుగా రాళ్ల మీదికి పోసాగింది. నూకరాజు కంగారుపడి రాళ్లను తన్ని పడవను ఆపుదామని కాలు బయటికి చాపాడు. అచ్చమ్మ చటుక్కున అతని తోక పట్టుకుని లోపలికి లాగింది.

"పడవ తగిలితే చెక్క విరుగుతుంది, అతికించుకోవచ్చు. మధ్యలో నీ కాలుంటే దాన్నెక్కడ అతికిస్తాం?" అంది.

గడ్డిమోపు ఒకటి ఉంటే దాన్ని పడవకూ రాళ్లకూ మధ్య వేసింది. పడవ ధనాలున తగిలింది. ఆ అదురుకు బుల్లి కూర్చున్నచోటి నుంచి జారి, పడవ అంచు దాకా పోయింది. సగం బయటికి వాలిపోయింది కూడా. గున్నయ్య గెడ వదిలేసి ఒక్క అంగలో వెళ్లి మెడ పట్టుకుని వెనక్కి లాగాడు. తల ప్రాణం తోకకు వచ్చింది. ఎలుగుబంటికి తోక ఎంత ఉంటుందో మీకు తెలుసుగా, ఆ కాస్త చోటులోనే అతని ప్రాణమంతా వణికింది.

బుల్లిని తల్లి ఒడిలో పెట్టాడు. పందిరి వైపు ఒకసారి చూశాడు. దింపేద్దామా అని మనసులో అనిపించింది. అంతలో అత్తగారి మాట గుర్తుకొచ్చింది. ఇంకెంత, సరస్సు దాటితే లంకే కదా అనుకుని గెడ అందుకున్నాడు.

కాలువ సరస్సులో కలిసే చోటికి వచ్చారు. అక్కడిక చెట్లూ లేవు, గట్లూ లేవు. ఒక పక్కన రెల్లుపొదలు తప్ప కనుచూపు మేర నీళ్లే. ఆ నీళ్ల మీద తెల్లటి నురగలతో అలలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. దూరంగా లంక కనిపిస్తోంది. వాళ్లకు కొంచెం ముందు అడవిపంది కోటప్ప పడవ పోతోంది. దాని మీదా పెద్ద పందిరే. కోటప్ప వెనక్కి తిరిగి, రావయ్యా గున్నయ్యా, నీ పందిరి కింద చల్లగా ఉంటే నిద్రపోయావా అని కేకేశాడు.

గున్నయ్యకు రోషం వచ్చింది. గెడ ఎత్తాడు. అప్పుడు తగిలింది మూడో గాలి. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆ పక్క నుంచి బిందెడు నీళ్లు లోపలికి వచ్చాయి. పులిహోర గిన్నె దొర్లింది. చంటి నోరు మూసుకున్నాడు, బుల్లి గట్టిగా ఏడ్చింది. ఆ ఇంట్లో ఎన్నడూ జరగని సంగతి అది. నూకరాజుకు కూడా వేళాకోళం రాలేదు.

అచ్చమ్మ అరవలేదు, సాధించలేదు. నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, మీరు తేనెకు చెట్టెక్కినప్పుడు గాలి లేస్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? కిందికి జరిగి మాను కరుచుకుంటాను."

"పట్టు కొమ్మ చివర ఉంటే?"

"ఉంటే ఉండనీ. గాలి తగ్గాక ఎక్కుతాను. తేనెపట్టు ఎక్కడికి పోతుంది?"

"మరి లంక ఎక్కడికి పోతుందండీ?"

గున్నయ్య ఎత్తిన గెడ దించాడు. రోజూ చేసే పనే, రోజూ తెలిసిన సంగతే. విహారమని పందిరి కట్టుకోగానే అదంతా ఇంటి దగ్గర వదిలేసి వచ్చాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్టు, ఎంత ఎత్తు పందిరి కడితే గాలికి అంత చోటు దొరుకుతుంది. ఒక పక్క అత్తగారి మాట, ఒక పక్క బుల్లి ఏడుపు. అతను బుల్లి వైపు చూశాడు.

"రాజూ, అటువైపు తాళ్లు విప్పు. పందిరి దింపేద్దాం" అన్నాడు.

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో నేను చెప్పలేను. ముడులన్నీ తన చేత్తో ముచ్చటపడి వేసినవే. ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోయాడు. గొడుగు దిగింది, పై అంతస్తు దిగింది, కింది అంతస్తు కూడా పడవలో చాపలా పరుచుకుంది. అది పరుచుకోగానే, అప్పటిదాకా ఊగిపోయిన పడవ కుదుటపడింది. గాలి పోయిందా అంటే పోలేదు. పట్టుకోవడానికి దానికి ఏమీ దొరకలేదు, అంతే.

మిగతా అందరూ పడవ అడుగున చతికిలబడ్డారు. ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, గున్నయ్య నెమ్మదిగా గెడ వేస్తూ పడవను పక్కనున్న రెల్లుపొదల్లోకి చేర్చాడు. ఆ పొదల వెనక ఎత్తైన మట్టిదిబ్బ ఒకటి గాలికి అడ్డంగా ఉంది. ముందొక గుంజ, వెనకొక గుంజ పాతి, రెండు చివరలా తాడు కట్టాడు. అలలకు పడవ కాస్త లేచి దిగడానికి వీలుగా తాడు కొంచెం వదులు వదిలాడు. అప్పుడు కానీ అచ్చమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

ఇంతలో సరస్సు మీద కేకలు వినిపించాయి. కోటప్ప పందిరి గుంజలతో సహా లేచిపోయి నీళ్లలో పడింది. పడవ గిరగిరా తిరుగుతూ గాలివాటున దిబ్బ పక్క నుంచి కొట్టుకుపోతోంది. లోపల అతని భార్య, నలుగురు పిల్లలు. గున్నయ్య దిబ్బ మీదికి దూకి, పందిరి తాళ్లన్నీ ముడివేసి పొడుగు తాడు చేసి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారీ అందలేదు. మూడోసారి కోటప్ప పళ్లతో అందుకున్నాడు. గున్నయ్య, నూకరాజు, అచ్చమ్మ ముగ్గురూ కలిసి లాగి ఆ పడవను కూడా పొదల్లోకి తెచ్చారు.

కోటప్ప తడిసిన ఒంటితోనే గున్నయ్య దగ్గరికి వచ్చాడు. "నిన్ను ఎగతాళి చేశాను గున్నయ్యా" అన్నాడు. ముందు పిల్లల్ని తుడవమన్నాడు గున్నయ్య. పైన గాలి హోరుమంటోంది. దిబ్బ చాటున మాత్రం వెచ్చగా ఉంది. దింపిన తాటాకులు పిల్లలందరికీ కప్పారు. దొర్లిన గిన్నెలో పులిహోర ఇంకా సగానికి పైగానే మిగిలింది. బతికుంటే బలుసాకు తినవచ్చంటారు, వాళ్లకు పులిహోరే దొరికింది. పైన గున్నయ్య వెంట తెచ్చిన తేనె. అంత రుచిగా ఎప్పుడూ తినలేదని కోటప్ప పిల్లలు తర్వాత అడవంతా చెప్పారు. నూకరాజుకు కూడా వేళాకోళం తిరిగొచ్చింది. "బావా, ఇప్పుడయింది ఇది పెళ్లివారి విడిది" అన్నాడు. ఆ మాట విని గున్నయ్య పడిపడి నవ్వాడు.

పొద్దు వాలేసరికి గాలి సద్దుమణిగింది. రెండు పడవలూ, ఒక దాని వెనక ఒకటి, బోడిగా, సాదాగా సరస్సు దాటాయి. లంక దగ్గరపడుతున్న కొద్దీ గున్నయ్య గెడ మెల్లగా పడసాగింది. అత్తగారికి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాడు. గాలి అలా వచ్చింది, పందిరి ఇలా దింపాను, నిజానికి రెండంతస్తులు కట్టాను, కావాలంటే నూకరాజును అడగండి...

వెంకాయమ్మ రేవులోనే ఉంది. గాలి లేచినప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉందట. ఎవరు పిలిచినా అన్నానికి కూడా కదల్లేదట. పడవ రేవు తాకకముందే మోకాలిలోతు నీళ్లలోకి వచ్చేసింది.

"అత్తయ్యా, పందిరి..." అని మొదలుపెట్టాడు గున్నయ్య.

"పిల్లలేరీ నాయనా?" అంది ఆవిడ.

తాటాకు కింద నుంచి చంటి తల బయటపెట్టాడు. వాడి పక్క నుంచి బుల్లి తల బయటపెట్టింది. ముసలావిడ ఇద్దర్నీ చెరో చంకనా ఎత్తుకుని, తడిసిన ఒళ్లు తడిమి తడిమి చూసుకుని, పడవలో ఏముందో ఏం లేదో చూడకుండానే ఇంటివైపు నడిచింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "రండి నాయనా, అన్నం చల్లారిపోతోంది" అంది.

గున్నయ్య నీళ్లలో అలాగే నిలబడ్డాడు. ఏడాదిగా గొంతులో ఉన్న ముల్లు ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు. ఏడుపొచ్చింది, దాంతోపాటు ఆకలీ వేసింది. గెడ పడవలో పెట్టి, అందరికన్నా ముందు ఇంట్లోకి పరుగెత్తాడు.

నీతి: గాలి ఎదురైనప్పుడు గొప్ప దించుకుని ఒడ్డు పట్టినవాడికి పరువు ఎక్కడికీ పోదు, మనవాళ్లు మన కోసం ఎదురుచూస్తారు కానీ మన గొప్ప కోసం కాదు.